డిపెండెంట్ అంటే ఎవరండీ?

మన ఇళ్ళల్లో తిరిగే ఇంగ్లీషు మాటలు రెండు రకాలు. వంటింటి దాకా వచ్చి మనలో కలిసిపోయినవి ఒక రకం. కాఫీ, గ్లాసు, బస్సు, స్టవ్వు... ఇవి ఇంగ్లీషు మాటలంటే మా అత్తగారు ఒప్పుకోరు. రెండో రకం మాటలు గుమ్మం బయటే నించుంటాయి. ఫారాల్లో, నోటీసుల్లో, పొడుగాటి ఆఫీసు కవర్లలో తప్ప కనిపించవు. మనకి వాటితో పనుంటే మనమే బయటికి వెళ్ళి మాట్లాడి రావాలి గాని, అవి లోపలికి రావు. కాని ఈ రెండో రకంలోంచి ఒక మాట మాత్రం చెప్పులైనా విప్పకుండా లోపలికి వచ్చి, నడవాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ మాటే డిపెండెంట్.

మీకూ పరిచయమే. ఆఫీసు వాళ్ళ హెల్త్ కార్డుకి పెట్టే ఫారంలో వుంటుంది. రైల్వే పాసులో వుంటుంది. ఇన్సూరెన్సు కాగితాల్లో వుంటుంది. “డిపెండెంట్ల వివరాలు” అని పైన రాసి, కింద పేరు, వయసు, సంబంధం అని మూడు గడులు గీస్తారు. ఆ గడుల్లో మొదటి పేరు సాధారణంగా మనదే. తరవాత పిల్లలు, ఆ తరవాత అత్తగారూ మామగారూ. ఫారం నింపేది ఆయన. సంతకం పెట్టేదీ ఆయనే. మనం చెయ్యవలసిన పనల్లా మన ఆధార్ కార్డు ఎక్కడుందో వెతికి ఇవ్వటం. అదైనా మనకే తెలుస్తుంది కనక!

నిఘంటువు తీస్తే ‘ఆధారపడినవారు’, ‘ఆశ్రితులు’ అని అర్థం చెబుతుంది. అక్కడితో వూరుకోకుండా కొంచెం లోపలికి వెడితే ఈ మాటలో తమాషాలు చాలా వున్నాయి.

మొదటి తమాషా స్పెల్లింగులో వుంది. దీని చివర ‘ఏ’ అక్షరం రాయాలా, ‘ఇ’ అక్షరం రాయాలా అని చాలామందికి అనుమానం. బ్రిటిషు పద్ధతిలో రెండూ సరైనవే గాని, రెండూ ఒకటి కావు. ‘ఇ’ రాస్తే అది గుణం, అంటే ఆధారపడి వుండటం అనే స్థితి. ‘ఏ’ రాస్తే అది మనిషి, ఆధారపడి బతికే ఫలానా వ్యక్తి. అమెరికా వాళ్ళు ఈ తేడా పెట్టుకోకుండా రెండిటికీ ‘ఇ’ అక్షరమే వాడేస్తారు. మన ఫారాల్లో ఒక్కోచోట ఒక్కోలా వుంటుంది. ఒక్క అక్షరానికి ఇంత రభస ఎందుకంటారేమో. జ్వరం రావటం వేరు, రోగిష్టి మనిషి అనిపించుకోవటం వేరు కాదూ? మొదటిది ఇవాళ వచ్చి రేపు పోతుంది. రెండోది పేరు పక్కన చేరి కూర్చుంటుంది. ఈ అక్షరాల భేదాన్ని కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు దీంతో పనుంది.

రెండో తమాషా పుట్టుకలో వుంది. లాటిన్ భాషలో దీని అసలు అర్థం ‘కిందికి వేలాడటం’. మనం గొలుసుకి వేసుకునే పెండెంటూ, గోడగడియారంలో పెండ్యులమూ, ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి కదలని పెండింగు ఫైళ్ళూ, ఈ డిపెండెంటూ అన్నీ ఒక్క తల్లి బిడ్డలే. అన్నీ వేలాడేవే! మన భాషలో కూడా చెవులకి వేలాడే లోలాకులూ, గడియారపు లోలకమూ చుట్టాలే గదా.

మూడోది వాడుకలో వుంది. ఒకరి ‘మీద’ ఆధారపడతాం కనక, ఇంగ్లీషులోనూ డిపెండెంట్ తరవాత ‘ఆన్’ వస్తుంది. కాని ఇండిపెండెంట్ తరవాత ‘ఆన్’ రాకూడదు, ‘ఆఫ్’ రావాలి. వేలాడేదానికి పైన ఏదో వుండాలి, తెగిపోయినదానికి వుండనక్కరలేదు అన్నమాట. అయితే లోకంలో నిజంగా అలా తెగిపోయి బతికేది ఏదైనా వుందా అన్నది వేరే సంగతి. హైదరాబాదులో ‘ఇండిపెండెంట్ హౌస్’ అని ప్రకటనలు చూస్తుంటాం. ఆ ఇంటికి నీళ్ళు కార్పొరేషను వాళ్ళివ్వాలి, కరెంటు తీగె వీధి స్తంభం నించి రావాలి. ‘ఇండిపెండెంట్ అభ్యర్థి’ సంగతి చెప్పనే అక్కరలేదు. ఇంటింటికీ తిరిగి దణ్ణాలు పెడితే తప్ప ఆయన స్వతంత్రం గట్టెక్కదు.

పాపం ఇంగ్లీషు వాడు ఈ మాట తెచ్చి మన ఆడవాళ్ళని కించపరిచాడని అనబోకండి. ఆ వూహ మనకి కొత్తది కాదు. సంస్కృతంలో ‘భర్త’ అంటే భరించేవాడు, ‘భార్య’ అంటే భరించబడవలసినది. రెండూ ఒకే ధాతువులోంచి పుట్టాయి. అంటే శుభలేఖలో ధర్మపత్ని అయినా, చట్టుబండ ఫారంలో డిపెండెంట్ అయినా లెక్క ఒకటే. కాకపోతే మన పాతవాళ్ళు ‘పోష్యవర్గం’ అని ఇంకో మాట కూడా అన్నారు. తల్లీ తండ్రీ, గురువూ, భార్యా, బిడ్డలూ, ఆశ్రయించినవాళ్ళూ, అతిథీ, ఆఖరికి పొయ్యిలో అగ్నిహోత్రమూ అందులోకే వస్తారు. ఇక్కడ చూపు ఎటుందో చూడండి. పోష్యవర్గం అన్నప్పుడు వేలు పోషించవలసినవాడి వైపు తిరుగుతుంది, ‘నీ బాధ్యత వీళ్ళు’ అంటుంది. డిపెండెంట్ అన్నప్పుడు అదే వేలు రెండోవైపు తిరుగుతుంది, ‘నువ్వు వేలాడుతున్నావు’ అంటుంది. సంగతి ఒకటే అయినా వినేవాళ్ళ మనసులో పడే ముద్ర ఒకటి కాదు.

మన తెలుగు మాట ‘ఇల్లాలు’ ఈ రెండు గొడవల్లోనూ లేదు. అందులో భరించేదెవరో, వేలాడేదెవరో చెప్పరు. ఇల్లు ముందు, ఆలు తరవాత. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు గాని, జీతం చూసి చూడమనలేదు.

సరే, మాట ఫారంలో వున్నంతసేపూ పేచీ లేదు. అక్కడ దాని పని ఒక్కటే, డబ్బు ఎటునించి ఎటు వస్తోందో చెప్పటం. ఇంట్లోకి వచ్చాకే అది తన పని కానిది కూడా చెయ్యటం మొదలుపెడుతుంది.

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. నలుగురు మనుషుల ఇల్లు ఇరవై అయిదేళ్ళుగా నడుపుతున్నారు. ఏ నెలలో చింతపండు కొనాలో, ఏ షాపులో కందిపప్పు కిలోకి పది రూపాయలు తక్కువో, ఏ వేడుకకి ఎవరు ఎంత చదివించారో, తిరిగి మనం ఎంత పెట్టాలో ఆవిడ నోటికి చెబుతారు. మొన్న వీధి గ్రంథాలయానికి అందరం తలా అయిదువందలు వేసుకుందామనుకున్నాం. “ఆయన్నడిగి చెబుతానమ్మా” అన్నారావిడ. ఆయన కాదనే మనిషి కాడు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. అయినా అడగాలి. ఎవరైనా “మీరేం చేస్తుంటారండీ?” అని అడిగితే, “ఏం చేస్తానమ్మా, ఇంట్లో ఖాళీగానే వుంటాను” అంటారు, చేతిలో పప్పు రుబ్బిన పిండి ఇంకా ఆరకుండానే. గుణం కాస్తా పేరైపోవటం అంటే ఇదే. ‘ఇ’ అక్షరం జారిపోయి ‘ఏ’ అక్షరం వచ్చి కూర్చుంది.

ఈ లెక్కలో తిరకాసు వుందని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలకీ తెలుసు. ఇంగ్లండులో పిగూ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు 1920లో ‘సంక్షేమ ఆర్థికశాస్త్రం’ అని ఒక పుస్తకం అచ్చువేశాడు. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆవిణ్ణి పెళ్ళి చేసుకుంటే దేశాదాయం తగ్గిపోతుందని అందులో ఎత్తి చూపించాడు. నిన్నటిదాకా ఆవిడ వండిన వంట దేశాదాయంలో వుంది. మూడుముళ్ళూ పడగానే అదే వంట, అదే చెయ్యి, అదే గరిటె లెక్కలోంచి మాయం. నిన్న పనిచేసే మనిషి ఇవాళ డిపెండెంట్!

మన దేశంలో జరిగిన లెక్కా చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 2024లో జనం రోజు ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. అంటే మనకి దాదాపు అయిదు గంటలు, వాళ్ళకి గంటన్నర. పిల్లల్నీ ముసలివాళ్ళనీ కనిపెట్టుకునే వేళ ఇందులో లేదు, దాన్ని వేరే పద్దులో వేశారు. 2011 జనాభా లెక్కల్లో తమ ముఖ్యమైన పని ఇంటిపనే అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లు, మగవాళ్ళు 58 లక్షలు. అయినా ఆ లెక్కల భాషలో ఇంటిపని చేసేవాళ్ళు ‘పని చెయ్యనివారు’.

ఇక్కడ మన కోర్టుల సంగతి చెప్పాలి. ఇల్లాలి పనికి ఖరీదు కట్టవలసిన అవసరం కోర్టులకి వచ్చింది. ఎప్పుడొచ్చిందంటే ఆవిడ పోయాక వచ్చింది. రోడ్డు ప్రమాదంలోనో, అగ్నిప్రమాదంలోనో ఇల్లాలు పోతే, నష్టపరిహారం ఎంతివ్వాలి? ఆవిడకి జీతం లేదు కదా. 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన పట్టిక, సంపాదన లేని భార్య పోతే భర్త ఆదాయంలో మూడోవంతు లెక్క కట్టమంది. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీంకోర్టు, ఇల్లాలి సేవలకి నెలకి 3,000 రూపాయలు కట్టింది. 2010లో మరో కేసులో, జనాభా లెక్కల్లో ఇల్లాళ్ళని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి ఒకే వర్గంలో వేయటం ఏమిటని జస్టిస్ గంగూలీ గట్టిగా తప్పుపట్టారు. 2021 జనవరిలో, అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ ఒక తీర్పులో విడిగా తన అభిప్రాయం రాస్తూ, ఇంట్లో వుండే ఆడవాళ్ళు పని చెయ్యరనే భావనని వదిలించుకోవాలన్నారు.

ఇవన్నీ చదువుతుంటే నాకు ఒక్క మాట దగ్గర చూపు ఆగిపోయింది. పరిహారం కట్టేటప్పుడు కోర్టులు వాడే పద్దు పేరు ‘లాస్ ఆఫ్ డిపెండెన్సీ’. తెలుగులో చెప్పాలంటే, ఆధారం పోయినందుకు కలిగిన నష్టం. ఇల్లాలు పోతే ఆ పద్దు కింద దరఖాస్తు పెట్టేదెవరనుకున్నారు? భర్తా, పిల్లలూ! నిన్నటిదాకా ఫారంలో ఆవిడ ఆయనకి డిపెండెంట్. ఆవిడ కన్నుమూసిన మర్నాటి నించీ కాగితాల మీద ఆయనే ఆవిడ మీద ఆధారపడ్డవాడు. రెండూ ప్రభుత్వ కాగితాలే, రెండూ నిజాలే. మొదటి నిజం ఏటేటా రాసుకుంటాం. రెండో నిజం రాయటానికి మాత్రం ఒక మనిషి పోవాలి.

గోడగడియారం సంగతి ఇందాక చెప్పానుగా. పెండ్యులం వేలాడుతూనే వుంటుంది, కాదన్నదెవరు? కాని అది ఆగితే ముళ్ళు కూడా ఆగిపోతాయి.

ఇక్కడిదాకా వచ్చి, “చూశారా, ఇల్లాలే ఇంటికి దీపం, గృహలక్ష్మి, ఆవిడ లేకపోతే ఇల్లే లేదు” అని దణ్ణం పెట్టి వూరుకుంటే బాగానే వుంటుంది. చదివేవాళ్ళకీ సంతోషం, రాసినవాళ్ళకీ సంతోషం. కాని అది న్యాయం కాదు. ఎందుకంటే డబ్బు మట్టుకు చూస్తే ఆ మాట చాలా ఇళ్ళల్లో అబద్ధం కాదు. దీపానికి పొగడ్త చాలదు, నూనె కావాలి. దీపమైన మనిషి పేరున బ్యాంకులో ఎంత వుంది? ఇల్లు ఎవరి పేరున వుంది? ఆయన పాలసీ కాగితాలు ఏ బీరువాలో, ఏ అరలో వున్నాయో తెలుసా? ఈ ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పగలవాళ్ళు మనలో ఎంతమంది?

దీనికి మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లోనే ఒక పెద్ద వుదాహరణ వుంది. ఇంజనీరింగు చదివి, ఇక్కడ ఉద్యోగం చేసిన అమ్మాయి పెళ్ళి చేసుకుని అమెరికా వెడుతుంది. ఆయనది హెచ్-వన్-బి వీసా. ఈమెది హెచ్-ఫోర్, డిపెండెంట్ వీసా. 2015 మే నెల దాకా ఆ వీసా మీద వెళ్ళినవాళ్ళకి అక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. ఆ తరవాత కూడా, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళలాంటి కొందరికే పర్మిటు ఇస్తారు. ఆ అమ్మాయి ఇల్లు చక్కగా దిద్దుకుంటుంది, ఆయన కూడా మంచివాడే అయివుంటాడు. కాని ఆయన వీసా పోతే ఈమె వీసా పోతుంది. అక్కడ ఆ మాట గుణమూ కాదు, పేరూ కాదు. గొలుసు. అలాంటి పిల్లకి “నువ్వు ఇంటికి దీపానివి తల్లీ” అని ఫోనులో చెబితే ఏమవుతుంది? నవ్వి వూరుకుంటుంది.

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక మంచి మాట అంది. భర్త సంపాదించి ఆస్తి కొంటే, ఇల్లు చూసుకుని ఆ సంపాదనకి వీలు కల్పించిన భార్యకీ అందులో సమానమైన వాటా వుంటుందని ఒక కేసులో తీర్పు చెప్పింది. అది దేశమంతటికీ చట్టమైపోలేదు. కాని బతికుండగానే లెక్క చూడవచ్చునని ఒక న్యాయస్థానం అనటం చిన్న సంగతి కాదు. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన చిన్న పుస్తకంలో, ‘హౌస్‌వైఫ్’ అనకుండా ‘హోమ్‌మేకర్’ అనమన్నారు. ఇంటికి భార్య కాదు, ఇంటిని కట్టేది. మాట మార్చినంత మాత్రాన బతుకు మారుతుందా అంటే మారదు. కాని మాట మన చెవిలో రోజూ పడుతుంది. రోజూ పడేదాన్ని తేలిగ్గా తీసేయకూడదు.

అసలు చిక్కు ప్రశ్న ఇంకోటుంది. ఒకరి మీద ఆధారపడటం తప్పా? సిగ్గుపడవలసిన విషయమా? మా వారి ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన వున్నారు. ముప్పై అయిదేళ్ళు ఫారాల్లో అందరి పేర్లూ డిపెండెంట్ల గడిలో ఆయనే నింపారు. ఇప్పుడు ఆయన అబ్బాయి ఉద్యోగపు హెల్త్ కార్డులో అదే గడిలో ఆయన పేరు ఎక్కింది. “ఈ వయసులో ఈ మాట పడ్డానమ్మా” అని ఆయన బాధపడ్డారు. ఆయన భార్య పక్కనే వున్నారు. “నాకు ఇరవయ్యో ఏటి నించీ అలవాటే” అన్నారు. అందులో వేళాకోళం పావువంతే వుంది.

ఆయన దుఃఖం నిజమే. కాని ఆలోచిస్తే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పుట్టినప్పుడు తల్లి ఒడి మీద, పోయేటప్పుడు నలుగురి భుజాల మీద ఆధారపడని మనిషి ఎవరు? మధ్యలో నాలుగు రోజులు జీతం వస్తుంది. ఆ నాలుగు రోజుల లెక్కనే మొత్తం జీవితానికి కొలబద్ద చేసుకుంటే ఎలా? ఆధారపడటం తప్పు కాదు. తప్పు ఎక్కడుందంటే, ఇద్దరు ఒకరి మీద ఒకరు ఆధారపడి వుండగా, ఒకరి పేరే ఆ గడిలో రాసి రెండోవాళ్ళది రాయకపోవటంలో వుంది. ఇంకో తప్పు కూడా వుంది. ఆధారపడ్డచోట ‘వద్దు’ అనగలిగితే అది కాపురం. అనలేకపోతే అది కొలువు. జీతం లేని కొలువు.

కనక నేను చెప్పొచ్చేదేమిటంటే, ఫారం వస్తే నింపెయ్యండి. పౌరుషానికి పోయి పేరు కొట్టించుకోకండి. రేపు ఆస్పత్రిలో పనికొచ్చేది ఆ గడే. కాని ఆ మాటని అక్కడే, ‘ఇ’ అక్షరంతోనే వుంచండి. డబ్బు సంగతిలో, ఈ ఏడాదికి, ఈ కాగితం మట్టుకు ఆధారపడి వున్నాను అని. ‘ఏ’ అక్షరం వేసుకుని అది వంటింట్లోకి వస్తానంటే గుమ్మంలోనే ఆపండి. ఆ సాయంత్రమే తీరిక చూసుకుని, ఇంటి కాగితాలన్నీ ఎక్కడున్నాయో, ఎవరి పేరున వున్నాయో ఆయన్ని కూచోబెట్టి అడగండి. ఇది పోట్లాట కాదు, అపనమ్మకమూ కాదు. నమ్మకం వున్నచోటే ఇది హాయిగా అడగ్గలం.

ఆయన “ఇప్పుడెందుకే ఇవన్నీ?” అంటే, “మీకు నేను డిపెండెంట్‌నని మీరు రాశారుగా, నాకు మీరు ఎంత డిపెండెంటో నేనూ రాసుకుందామని” అనండి. ఆయన నవ్వుతారు. నవ్వుతూనే బీరువా తాళాలు ఎక్కడున్నాయని మిమ్మల్నే అడుగుతారు.